నూట ముప్పై డిగ్రీలు

మా అమ్మకి ముక్కు మీదే కోపం అని తెలిసినవాళ్ళందరూ చెబుతారు. మా నాన్న నోట్లో నాలుక లేని మనిషి అనీ వాళ్ళే చెబుతారు. ఈ రెండు మాటలూ వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. మొన్న మా మేనత్త భోజనానికి వచ్చి, నలుగురూ కూర్చుని ఉండగా, "మా అన్నయ్య కాబట్టి సర్దుకుపోయాడు. ఇంకొకడైతే ఈపాటికి సన్యాసుల్లో కలిసిపోయేవాడు" అంది. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. అమ్మ వంటింట్లో ఉంది కాబట్టి సరిపోయింది. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. నాన్న మంచితనం ఎంత మంచిదో, అమ్మ కోపం ఎంత చెడ్డదో తేల్చి చెప్పే సంగతి ఒకటుంది. అది వరసగా చెప్పేస్తే నా కడుపుమంట కొంచెమైనా చల్లారుతుందేమో చూస్తాను.

ఇద్దరూ లెక్కల టీచర్లే. అమ్మది ఆడపిల్లల బడి, నాన్నది అదే వీధి చివర మగపిల్లల బడి. పిల్లలు నాన్నని చల్లని సారు అనేవారు, అమ్మని చిటపట టీచర్ అనేవారు. అమ్మ, మనిషి చూస్తే పిడికెడు. గొంతు మాత్రం పక్క క్లాసు పాఠాన్ని కూడా ఆపేసేది. ఆవిడ చేతిసంచీ నిండా సుద్దపొడి, చీర కుచ్చిళ్ళ నిండా సుద్దపొడి, చివరికి మా ఇంట్లో గిన్నెల మూతల మీద కూడా సుద్దపొడే. బోర్డు మీద వృత్తం గీయడానికి పొద్దున్నే ఏ మూత చేతికి దొరికితే ఆ మూత బడికి పట్టుకుపోయేది. మర్నాడు ఆ మూత కనపడకపోతే ఇల్లంతా వెతికించి మమ్మల్ని తిట్టేది.

ఆవిడ కోపంలో సగం పాఠ్యపుస్తకం మీదే. అర్ధవృత్తంలోని కోణం లంబకోణం అని చెప్పే చోట, ఏ పుస్తకం తీసినా వ్యాసం అడ్డంగా ఉంటుంది, కోణం సరిగ్గా నెత్తిమీద ఉంటుంది. "వ్యాసం ఏమన్నా మంచమా, ఎప్పుడూ పడుకోబెట్టడానికి" అనేది అమ్మ. బోర్డు మీద ఆ గీతని ఏటవాలుగా లాగి, కోణాన్ని ఏ మూలకో తోసి, "ఇప్పుడు చెప్పండి ఎంతో" అని అడిగేది. పిల్లలు బిత్తరచూపులు చూసేవారు. ఎవరైనా లేచి, "ఇది ఆ లెక్క కాదు టీచర్, బొమ్మ వేరేగా ఉంది" అన్నారో, ఆ రోజు వాళ్ళకి మొహం వాచేదాకా చీవాట్లే. బొమ్మని కంఠతా పట్టి సిద్ధాంతం నేర్చుకున్నాననుకునే పిల్లని చూస్తే ఆవిడకి ఒళ్ళు మండేది. పిల్ల మీద కాదు ఆ మంట, అలా నేర్పినవాళ్ళ మీద. అయితే తిట్లు తినేది మాత్రం ఎదురుగా ఉన్న పిల్లే. ఇందులో అమ్మని నేను వెనకేసుకు రాను.

ఏటా వృత్తాల పాఠం రాగానే క్లాసు మొత్తాన్ని ఆటస్థలానికి తోలుకుపోయేది. ఈ సంగతి జరిగిన ఏడు నేను కాలేజీలో ఉన్నాను. ఇంటి తాళంచెవి కోసం బడికి వెళ్ళి ఆ తతంగమంతా చూశాను. ఒకమ్మాయి తాడు కొస పట్టుకుని మధ్యలో నిలబడింది. ఇంకో అమ్మాయి రెండో కొసకి పుల్ల కట్టి, తాడు బిగలాగి పట్టుకుని, మట్టిలో గీసుకుంటూ చుట్టూ తిరిగింది. వృత్తం వచ్చింది. ఆ గీత మీదే, ఒక పక్కకి, ఇద్దరు పిల్లల్ని కొంచెం ఎడంగా నిలబెట్టి, ఒకరు ఎ, ఒకరు బి అంది అమ్మ. ఇద్దరి మధ్యా మట్టిలో తిన్నగా ఒక గీత లాగించింది. అది జ్యా. వృత్తం పెద్ద ముక్క ఒక వైపు, చిన్న ముక్క ఒక వైపు పడింది. తర్వాత పెద్ద ముక్క వైపు, వృత్తం గీత మీద ఒకమ్మాయిని నిలబెట్టి, అక్కణ్ణించి చూస్తే ఎ కీ బి కీ మధ్య ఎంత కోణం వస్తుందో ఆ కోణానికి సరిపోయేలా అట్టముక్క కత్తిరించింది. అట్ట మూల కంటి దగ్గర పెట్టుకుంటే ఒక అంచు వెంబడి ఎ కనపడాలి, రెండో అంచు వెంబడి బి కనపడాలి.

"ఇప్పుడు ఆ అట్ట పట్టుకుని ఒక్కొక్కరే వృత్తం గీత మీద నడవండి. ఎక్కడ పట్టకపోతే అక్కడ ఆగండి" అంది.

ఒక్కొక్కరూ నడిచారు. ముందుకి నడిచినా, వెనక్కి నడిచినా, పెద్ద ముక్క వైపు ఉన్నంతసేపూ అట్ట అతికినట్టు సరిపోతోంది. చాలామంది అక్కడితో మురిసిపోయి వెనక్కి వచ్చేశారు. చివర్న నత్త వెళ్ళింది.

నత్త అంటే కుట్టుమిషను ఆవిడ చిన్నకూతురు. ఏ పనైనా నెమ్మదిగా చేస్తుందని అందరూ అలా పిలిచేవారు. అంతకుముందు ఏడు పబ్లిక్ పరీక్షలో లెక్కలు తప్పి, మళ్ళీ అదే క్లాసులో కూర్చుంది. ఈసారీ తప్పితే చదువు మానిపించి మిషను మీద కూర్చోబెడతానని వాళ్ళమ్మ ఖాయంగా చెప్పేసింది. ఆ పిల్ల అడుగులో అడుగు వేసుకుంటూ పెద్ద ముక్కంతా నడిచి, బి గా నిలబడ్డ పిల్లని కూడా దాటి, చిన్న ముక్కలోకి వెళ్ళి ఆగింది. అట్ట కంటి దగ్గర పెట్టుకుంది. తీసింది. మళ్ళీ పెట్టుకుంది.

"టీచర్, ఇక్కడ పట్టట్లేదు."

"ఎందుకు పట్టట్లేదే?"

"ఇద్దరూ బాగా దూరంగా అయిపోయారు టీచర్. అట్ట చాలట్లేదు."

"ఎంత చాలట్లేదు?"

నత్త ఆలోచించింది. మిగతా పిల్లలు ఎండలో గునుస్తున్నారు. అమ్మ ఎవరినీ కదలనివ్వలేదు. చాలాసేపటికి నత్త ఆ అట్టముక్కని నేలమీద పెట్టి, దాని ఒక అంచుని పుల్లతో మూల దాటించి తిన్నగా పొడిగించింది. అట్టకి అవతల మిగిలిన కోణాన్ని చూపించి, "ఇంత కావాలి టీచర్. అదీ ఇదీ కలిస్తే తిన్నని గీత అవుతుంది" అంది. అంటే రెండూ కలిసి నూట ఎనభై. జ్యాకి ఈ పక్క కోణం, ఆ పక్క కోణం. ఎవరూ చెప్పకుండా, తన కాళ్ళతో నడిచి, తన కళ్ళతో చూసి కనుక్కుంది. అమ్మకి సంతోషం వచ్చినా కోపంలాగే వస్తుంది. "మరి పోయినేడు ఈ బుర్ర ఎక్కడ తగలేశావే" అని అరిచింది. నత్త బెదరలేదు. నవ్వింది.

ఇక పరీక్షలయ్యాయి. పేపర్లు దిద్దడానికి అన్ని బళ్ళ టీచర్లనీ ఒక పెద్ద బడికి పిలిచారు. అమ్మా నాన్నా ఇద్దరికీ ఒకే గది పడింది. అమ్మని వాళ్ళ బడి నుంచి ఆలస్యంగా వదలడంతో ఆవిడ వెళ్ళేసరికి రెండు రోజుల పని అయిపోయింది. అక్కడ జరిగింది నేను చూడలేదు. అమ్మ చెప్పింది, నాన్న చెప్పాడు, అమ్మ పక్కన కూర్చున్న టీచర్ చెప్పింది. ముగ్గురి మాటా ఒకటే.

పిల్లల బెంచీల మీద మోకాళ్ళు తగులుతుండగా పెద్దవాళ్ళు ఇరుక్కుని కూర్చున్నారు. ఎర్రపెన్నులు, కట్టలు, కట్టల మీద దారాలు. అందరి ముందూ జవాబుల కీ. అమ్మ మొదటి కట్ట విప్పింది. అందులో నాలుగు మార్కుల ప్రశ్న ఒకటి. వృత్తంలో ఎబి ఒక జ్యా. సి దగ్గర కోణం యాభై డిగ్రీలు. డి దగ్గర కోణం ఎంత? పక్కనే బొమ్మ. ఆ పేపర్ రాసిన పిల్ల నూట ముప్పై అని రాసింది. అమ్మ నాలుగు మార్కులు వేసింది.

"దానికి సున్నా మేడమ్. కీలో యాభై ఉంది" అంది పక్క టీచర్.

అమ్మ కీ చూసింది. ప్రశ్నపత్రంలో బొమ్మ చూసింది. సి ఆ జ్యాకి పైన ఉంది, డి కింద ఉంది. ఈ ప్రశ్న ఏళ్ళ తరబడి వస్తూనే ఉంది. ఎప్పుడూ సి, డి రెండూ పైనే ఉంటాయి, అప్పుడు రెండూ యాభయ్యే. ఆ గదిలోవాళ్ళందరికీ ఆ ప్రశ్న నోటికి వచ్చు. నోటికి వచ్చు కాబట్టే ఒక్కరూ బొమ్మ చూడలేదు. లెక్కల మాస్టర్లు మాత్రమే చేయగల తప్పు ఇది. లెక్క రానివాడైతే చచ్చినట్టు బొమ్మ చూసేవాడు.

అమ్మ ప్రశ్నపత్రం పట్టుకుని పెద్దసారు దగ్గరికి వెళ్ళింది. ఆ గదికి ఆయనే పెద్ద. అందరి పేపర్లూ ఆయన చూసి ఆకుపచ్చ సంతకం పెట్టాలి. రేపో మాపో రిటైరవబోతున్న మనిషి, మర్యాదస్తుడు.

"సార్, సి ఒక పక్క, డి ఒక పక్క ఉన్నాయి. రెండూ యాభై ఎలా అవుతాయి?"

ఆయన అద్దాలు పైకి తోసుకుని చూశాడు. తెలివితక్కువవాడేం కాదు. వెంటనే గొంతు తగ్గించాడు. "పైన పెడితే అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయని ఎవరో డిని కిందకి దించినట్టున్నారమ్మా. కీ మాత్రం పాతదే ఉండిపోయింది."

"అయితే మార్చండి."

"నా చేతుల్లో ఏముందమ్మా. కీ పైనుంచి వచ్చింది. రెండు రోజుల కట్టలు సీలు వేసేశాం. ఇప్పుడు అవన్నీ విప్పి, మళ్ళీ దిద్ది, మళ్ళీ కూడి, ఎందుకు విప్పారని వాళ్ళడిగితే నేనేం చెప్పను?"

"తప్పు దిద్దామని చెప్పండి."

"కీ అంటే కీ అమ్మా. మీరెళ్ళి కూర్చోండి."

అమ్మ కూర్చోలేదు. బోర్డు దగ్గరికి వెళ్ళింది. మూత లేకుండానే వృత్తం గీసింది. ఎ, సి, బి, డి వరసగా నాలుగూ కలిపింది. చక్రీయ చతుర్భుజం, ఎదుటి కోణాలు కలిస్తే నూట ఎనభై, యాభై పోతే నూట ముప్పై. అది చాలదన్నట్టు కేంద్రం నుంచి ఎ కీ బి కీ గీతలు లాగింది. సి కి ఎదురుగా కేంద్రం దగ్గర నూరు, అవతలి వైపు రెండు వందల అరవై, దాంట్లో సగం నూట ముప్పై. ఎటు నుంచి వచ్చినా అక్కడికే వస్తుందని గొంతు చించుకుని చెప్పింది. వింటున్నవాళ్ళు తేలు కుట్టిన దొంగల్లా తలలు వంచుకుని పెన్నులు ఆడిస్తున్నారు. ఒక్కరికైనా అర్థం కాలేదంటే నేను నమ్మను. రోజూ పిల్లలకి బెత్తం ఝళిపించి చెప్పే పాఠమే అది. బొమ్మ చూసి రాసిన పిల్లకి సున్నా, చూడకుండా రాసిన పిల్లకి నాలుగు, ఇదీ వాళ్ళ న్యాయం. అది తెలిసీ నీళ్ళు నములుతున్నారు. వాళ్ళకి కావాల్సింది సాయంత్రం బస్సు అందుకోవడం.

అప్పుడు అమ్మ నాన్న వైపు తిరిగింది.

"ఏమండీ, మీరు చెప్పండి. డి దగ్గర ఎంత?"

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇప్పుడదంతా ఎందుకు. కీ ప్రకారం దిద్దేద్దాం. తర్వాత కాయితం మీద పెడదాం."

"నేను కీ అడగలేదు. డి దగ్గర ఎంతో అడిగాను."

"నువ్వు ముందు కూర్చో" అన్నాడు నాన్న.

అమ్మ ఎర్రపెన్ను మూత పెట్టి బల్ల మీద పడేసి, సంచీ తీసుకుని వచ్చేసింది. తర్వాత ఆవిడకి మెమో వచ్చింది, పనికి అడ్డు తగిలారని. మళ్ళీ ఎప్పుడూ పేపర్లు దిద్దడానికి పిలవలేదు. అమ్మ పైవాళ్ళకి రాసినదానికి ఉలుకూ లేదు, పలుకూ లేదు. నాన్న మాత్రం చివరి రోజు దాకా బుద్ధిగా వెళ్ళి దిద్ది వచ్చాడు.

అమ్మ అలా లేచి వచ్చేసిన సాయంత్రం ఇంట్లో నేను యుద్ధం జరుగుతుందనుకున్నాను. మొదలుపెట్టింది నాన్నే. "నలుగురిలో నన్ను నిలదీస్తావా? ఒక్క లెక్క కోసం ఇంత రాద్ధాంతమా? నీ కోపంతో నువ్వే చెడ్డపేరు తెచ్చుకుంటున్నావు."

"నాకు కోపం వచ్చింది, నిజమే. మీకు రాలేదు. నాకు అదే అర్థం కావట్లేదు" అంది అమ్మ. అరవలేదు. లేచి బియ్యం కడగడానికి వెళ్ళింది. నాన్న నా వైపు చూసి, చూశావా మీ అమ్మ వరస అన్నట్టు తల ఆడించాడు. అప్పుడు నేనూ ఏం అనలేదు. అనాలని ఉంది కానీ, చల్లని మనుషులతో పోట్లాడటం ఎలాగో నాకు ఇప్పటికీ చేతకాదు. వాళ్ళు ఒక్క మాట తూలరు. చివరికి అరిచినవాళ్ళే చెడ్డవాళ్ళు అవుతారు.

ఫలితాలొచ్చాయి. నత్త మళ్ళీ తప్పింది, మూడు మార్కుల తేడాలో. రీకౌంటింగ్ పెట్టుకుంటే కూడికలు మాత్రమే చూస్తారట, లోపల ఏం రాశారో చూడరట.

వారం తిరక్కుండానే ఒక పొద్దున నత్త మా ఇంటికి వచ్చింది. నాన్న వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. నేను అక్కడే బట్టలు మడత పెడుతున్నాను. అమ్మ లోపల ఉంది. టీచర్ని పిలవనా అని నేనడిగితే వద్దక్కా అంది. ప్రశ్నపత్రం మడత విప్పి నాన్న ముందు పెట్టింది.

"సార్, మా అమ్మ సప్లిమెంటరీ వరకే ఆగుతానంది. మీ దగ్గర ట్యూషన్‌కి రావచ్చా?"

"మీ టీచర్ ఉందిగా" అన్నాడు నాన్న.

నత్త తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "టీచర్ నాకు తప్పు చెప్పారు సార్. నేను నూట ముప్పై రాశాను. యాభై రాసిన మీ బడి పిల్లలకి నాలుగు మార్కులూ వేశారంట, నూట ముప్పైకి సున్నా అంట, దిద్దిన సార్లే చెప్పారంట. గీతకి అటున్నా ఇటున్నా ఒకటేనంట కదా సార్. నేను గ్రౌండులో సరిగ్గా చూసుండను. నాకు ఏదైనా లేటుగా అర్థమవుతుంది సార్, మీరు కోప్పడకుండా చెప్తారని అందరూ అంటారు."

మార్కులు పోతే పోయాయి, మళ్ళీ తెచ్చుకోవచ్చు. ఆ పిల్ల తన కళ్ళనే నమ్మడం మానేసింది. ఎండలో అంతసేపు నిలబడి, ఎవరూ చూడనిది చూసి, దాన్ని ఇప్పుడు తన తప్పుగా మూటగట్టుకుని మా వరండాలో నిలబడింది. నాకు నాన్న చేతిలోంచి ఆ న్యూస్ పేపరు లాక్కుని చింపెయ్యాలనిపించింది.

గుమ్మంలో అమ్మ ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. మొత్తం వింది. ఆవిడ మొహం చూసి ఇక వీధి వీధంతా వినపడుతుందనుకున్నాను. అమ్మ వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది, అంతే.

నాన్న ప్రశ్నపత్రం మడిచాడు, విప్పాడు. "నూట ముప్పయ్యేనమ్మా. మీ టీచర్ చెప్పిందే రైటు. నువ్వు రాసింది రైటు" అన్నాడు.

నత్తకి వెంటనే అర్థం కాలేదు. ఆ పిల్ల తీరే అంత. కాసేపు బొమ్మ చూసింది. కాసేపు నాన్న మొహం చూసింది.

"మరి సున్నా ఎందుకు వేశారు?"

"కీలో తప్పు పడింది."

"మీరు కూడా దిద్దారు కదా సార్?"

"దిద్దాను."

"నాది మీ దగ్గరికి వచ్చిందా?"

"పేర్లు ఉండవమ్మా. తెలీదు."

"వచ్చుండొచ్చా?"

"వచ్చుండొచ్చు" అన్నాడు నాన్న.

నత్త మళ్ళీ ఆలోచించింది. ఆటస్థలంలో అట్ట పట్టుకుని ఆగినప్పుడు ఎలా ఆలోచించిందో అలాగే, తొందర లేకుండా.

"అది రైటని మీకు తెలీదా సార్?"

"మొదటి రెండు రోజులు చూసుకోలేదు. తర్వాత మీ టీచర్ చెప్పింది."

"తెలిసాక కూడా సున్నాలు వేశారా?"

నాన్న అమ్మ వైపు చూశాడు. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లో చూసినట్టే, ఆవిడ ఏదో ఒకటి అరిస్తే తను సర్దిచెప్పి బయటపడొచ్చని చూశాడు.

"నా వైపు చూడకండి" అంది అమ్మ. "అడిగింది ఆ పిల్ల. దానికి చెప్పండి."